కాకినాడలో ఉండిపోయిన హాల్డేన్

ఇంటర్‌లో బైపీసీ చదివిన మన హాస్టల్ విద్యార్థులందరికీ ఒక జంట పేరు తెలుసు. ఒపారిన్-హాల్డేన్. జీవం పుట్టుక గురించి రెండు మార్కుల ప్రశ్న వస్తే ఈ పేరు రాసి, ఆదిమ వాతావరణంలో ఆక్సిజన్ లేదని ఒక ముక్క చేర్చి, తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోతాం. రెండు పేర్లూ ఎప్పుడూ కలిపే పలుకుతాం కాబట్టి చాలామంది అది ఒకే మనిషి పేరనుకుంటారు. నిజానికి వాళ్ళిద్దరూ రెండు దేశాల వాళ్ళు. ఒకరి పని ఒకరికి తెలియకుండానే ఒకే ఆలోచనకు వచ్చారు. అందులో రెండో ఆయన భారత పౌరుడిగా చనిపోయారని, ఆయన శరీరం మన ఆంధ్రదేశానికే చేరిందని పాఠ్యపుస్తకంలో ఉండదు. నాకూ ఎమ్మెస్సీలో చేరేదాకా తెలియదు.

సెలవులకు వచ్చినప్పుడు హాస్టల్‌కు పోతే తమ్ముళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. అన్నా, వేరే గ్రహాల్లో మనుషులుంటారా? ఎగిరే పళ్ళాలు నిజమేనా? మొదటి జీవిని ఎవరు పుట్టించారు? చచ్చిపోయినాక ఏమైతుంది? చెన్నేకొత్తపల్లిలో కరెంటు పోయిన రాత్రి మిద్దె మీద పడుకొని పైకి చూస్తే ఎవరికైనా ఇవే ప్రశ్నలు వస్తాయి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే కాబట్టి, ఊళ్ళో అవ్వాతాతలు కూడా వీటికి జవాబులు నాకు తెలిసే ఉంటాయనుకుంటారు. జవాబులు నా దగ్గర లేవు. ఈ ప్రశ్నలతోనే డెబ్బై రెండేళ్ళు బతికిన ఒక మనిషి కథ మాత్రం ఉంది. వార్షికోత్సవ సంచికలో రాయమని అడిగినప్పుడు మొదట తట్టింది ఆయనే.

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892 నవంబర్ 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. అందరూ జె.బి.ఎస్. అని పిలిచేవారు. ఒక సంగతి ముందే చెప్పాలి. ఈయన మనలాంటి ఇంట్లో పుట్టినవాడు కాదు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరున్న శరీరధర్మ శాస్త్రవేత్త. పెదనాన్న రిచర్డ్ హాల్డేన్ బ్రిటన్ యుద్ధ మంత్రిగా, ఆ తర్వాత లార్డ్ ఛాన్సలర్‌గా పనిచేశారు. ఇంట్లోనే ప్రయోగశాల ఉండేది. దీపం కింద చదివి పైకొచ్చిన పేదవాడి కథ కోసం చూసేవాళ్ళు ఇక్కడ నిరాశపడతారు. అంత ఉన్నవాడు దాన్ని ఏం చేశాడన్నదే నాకు ఆసక్తి.

తండ్రి పని బొగ్గు గనుల్లో విషవాయువుల మీద. గనిలోకి చిన్న పిట్టల్ని తీసుకెళ్ళి, అవి సొమ్మసిల్లితే ప్రమాదం వచ్చిందని గుర్తుపట్టే పద్ధతి ఆయన సూచించిందే. కొడుకు చిన్నవాడుగా ఉన్నప్పుడే గనిలోకి తీసుకెళ్ళి, ఒకచోట నిటారుగా నిలబడి షేక్స్‌పియర్ నాటకంలోని ఒక ఉపన్యాసం అప్పజెప్పమన్నాడు. పిల్లవాడు కొంత దూరం చెప్పాడు. ఊపిరి ఆడలేదు, కాళ్ళు తేలిపోయి కింద పడ్డాడు. కింద గాలి బాగానే ఉంది, తేరుకున్నాడు. మీథేన్ గాలికంటే తేలిక, అందుకే గని కప్పు కింద పేరుకుంటుందన్న పాఠం ఆ పిల్లవాడికి ఆ విధంగా ఎక్కింది. మన కాలంలో ఏ తండ్రైనా ఇలా చేస్తే ఊరంతా తిట్టిపోస్తుంది. కానీ ఆ ఇంట్లో ఒక నియమం ఉండేది. ఒక వాయువు మనిషిని ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే ముందు తామే పీల్చాలి. కూలివాడి మీద ప్రయోగించకూడదు. తండ్రి నేర్పిన ఈ నియమాన్ని కొడుకు చివరిదాకా వదల్లేదు.

ఈటన్ అనే పెద్దింటి పిల్లల స్కూల్లో చదివారు. అక్కడ పెద్ద తరగతుల వాళ్ళు ఆయన్ని బాగా ఏడిపించారు. ఆక్స్‌ఫర్డ్‌లో మొదట గణితం, ఆ తర్వాత గ్రీకు, లాటిన్ సాహిత్యం, తత్వశాస్త్రం చదివి 1914లో పట్టా పుచ్చుకున్నారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప జీవశాస్త్రజ్ఞుల్లో ఒకరైన హాల్డేన్‌కు సైన్సులో డిగ్రీయే లేదు. జీవశాస్త్రం ఇంట్లో, పుస్తకాల్లో, చెల్లెలు నయోమీతో కలిసి పెంచిన ఎలుకల దగ్గర నేర్చుకున్నదే. ఆ ఎలుకల మీద మిత్రుడు స్ప్రంట్, చెల్లెలు, ఆయన కలిసి చేసిన పని 1915లో అచ్చయ్యేటప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఆ యుద్ధంలోనే స్ప్రంట్ చనిపోయాడు.

హాల్డేన్ కూడా సైన్యంలో చేరారు. ఫ్రాన్సులో ఒకసారి, మెసపొటేమియాలో ఒకసారి గాయపడ్డారు. రెండోసారి గాయం మానడానికి 1917లో ఇండియాకు పంపారు. ఆయన మన దేశాన్ని చూడటం అదే మొదలు. దేశం నచ్చింది. తెల్ల అధికారిగా ఉంటూ ఇక్కడి మనుషులతో సమానంగా కలవలేకపోవడం నచ్చలేదు. ఆ ఇబ్బంది తీరేదాకా తిరిగి రాకూడదనుకున్నారు. ఇక్కడే స్థిరపడటానికి నలభై ఏళ్ళు పట్టింది.

యుద్ధం తర్వాత కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్రం, 1933 నుంచి లండన్ యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్రం బోధించారు. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణాన్ని గణితంలోకి తెచ్చిన ముగ్గురిలో హాల్డేన్ ఒకరు. మిగతా ఇద్దరు ఫిషర్, సీవల్ రైట్. 1932లో వచ్చిన పరిణామ కారణాల పుస్తకం ఆ పనికి ముగింపు లాంటిది. మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో కొన్ని రక్త రోగాల జన్యువులు ఎందుకు తగ్గిపోకుండా నిలిచి ఉంటాయన్న చిక్కుముడికి 1949లో ఒక ఊహ చెప్పారు. ఆ జన్యువు ఒక్కటే ఉన్నవాడికి మలేరియా నుంచి రక్షణ దొరుకుతుందేమోనని. సికిల్ సెల్ విషయంలో అది నిజమని 1954లో ఆలిసన్ ఆఫ్రికాలో చూపించారు. మన మన్యం గిరిజనుల్లో సికిల్ సెల్ ఎందుకు ఉందో చెప్పేది కూడా ఈ ఊహే.

ఇక తమ్ముళ్ళు అడిగే ప్రశ్నల దగ్గరికి వద్దాం.

1929లో ఒక హేతువాద వార్షిక సంచికలో హాల్డేన్ చిన్న వ్యాసం రాశారు. అందులో కొత్త ప్రయోగం ఏమీ లేదు, అంతా ఆలోచనే. భూమి కొత్తగా చల్లబడిన కాలంలో గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. ఆక్సిజన్ లేకపోతే ఓజోన్ పొర లేదు. ఓజోన్ లేకపోతే సూర్యుడి అతినీలలోహిత కిరణాలు నేరుగా నీటి మీద పడతాయి. నీరు, కార్బన్ డై ఆక్సైడ్, అమ్మోనియా కలిసిన చోట ఆ కిరణాలు పడితే చక్కెరల వంటివి, ప్రోటీన్ల ముడిసరుకు వంటివి తయారవుతాయి. ఈరోజైతే అలాంటివి తయారైన వెంటనే ఏదో ఒక సూక్ష్మజీవి తినేస్తుంది. అప్పుడు తినడానికి ఎవరూ లేరు. అందుకని అవి సముద్రంలో పేరుకుంటూ పోయి, సముద్రమంతా పలుచని వేడి చారులా అయింది. (మన హాస్టల్ చారు గుర్తొచ్చి నవ్వకండి. పలుచదనంలో పోలిక ఉంది గాని అందులో ఇంకా జీవం పుట్టలేదు.) ఆ చారులో తనను తాను నకలు చేసుకోగల ఒక అణువు ఏర్పడింది. ప్రాణం లేనిదానికీ ఉన్నదానికీ మధ్య గీత గీయలేని దశ అది. అప్పటికి కొత్తగా అర్థమవుతున్న వైరస్‌లను ఆయన అందుకు ఉదాహరణగా తీసుకున్నారు.

ఇదే తీరు ఆలోచనను రష్యాలో అలెగ్జాండర్ ఒపారిన్ 1924లోనే చిన్న పుస్తకంగా వేశారు. అది రష్యన్ భాషలో ఉండటం వల్ల హాల్డేన్‌కు తెలియలేదు. తర్వాత తెలిసినప్పుడు, ముందు చెప్పింది ఒపారినే అని ఒప్పుకోవడానికి హాల్డేన్ వెనకాడలేదు.

ఇరవై ఏళ్ళకు పైగా ఇది ఊహగానే ఉంది. 1953లో అమెరికాలోని షికాగోలో స్టాన్లీ మిల్లర్ అనే విద్యార్థి, గురువు యూరీ దగ్గర పనిచేస్తూ, గాజు బుడ్డీల్లో మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి నింపి విద్యుత్ మెరుపులు పంపాడు. వారం తిరిగేసరికి నీళ్ళలో అమైనో ఆమ్లాలు కనిపించాయి. అప్పుడు మిల్లర్ వయసు ఇరవై మూడు. ఆదిమ వాతావరణంలో ఆయన వాడినంత మీథేన్, హైడ్రోజన్ ఉండి ఉండవని, కార్బన్ డై ఆక్సైడ్, నైట్రోజన్ ఎక్కువగా ఉండేవని ఇప్పుడు చాలామంది శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు. అమైనో ఆమ్లం నుంచి బతికున్న కణం దాకా ఉన్న దూరాన్ని ఇప్పటికీ ఏ ప్రయోగశాలా దాటలేదు. పరీక్షలో రెండు మార్కులకు రాసేటప్పుడు అన్నీ తేలిపోయినట్టు రాస్తాం. తేలలేదు.

1954లో హాల్డేన్ ఈ ప్రశ్నకు మళ్ళీ వచ్చారు. జీవానికి అసలు మొదలే లేదనవచ్చు, పదార్థంలాగే అదీ ఎప్పుడూ ఉన్నదే కావచ్చు. ప్రకృతికి అతీతమైన శక్తి పుట్టించి ఉండవచ్చు. మామూలు రసాయన చర్యల నుంచి నెమ్మదిగా ఏర్పడి ఉండవచ్చు. లేదా చాలా అరుదైన ఒక సంఘటన వల్ల పుట్టి ఉండవచ్చు, కాలమూ పదార్థమూ చాలినంత ఉంటే ఆ అరుదైనది కూడా జరిగే తీరుతుంది. ఇలా నాలుగు దారులూ పక్కపక్కన పెట్టారు. ఆయన పక్కా నాస్తికుడు. అయినా తనకు నచ్చని దారిని కూడా జాబితాలో పెట్టి, దేనికి ఏ రకం సాక్ష్యం కావాలో చూశారు. జీవం నీటిలోనే పుట్టాలా అన్న ప్రశ్న కూడా అప్పుడే వేశారు. చాలా చల్లని గ్రహంలో నీరు రాయిలా గడ్డకట్టి ఉంటుంది, అమ్మోనియా మాత్రం ద్రవంగా ఉంటుంది. మన ఒంట్లో నీరు చేసే పని అక్కడ అమ్మోనియా చేయగలదేమో ఆలోచించారు. వేరే గ్రహపు జీవి అంటే పెద్ద తల, పచ్చ చర్మం ఉన్న మనిషి అని సినిమాలు చూపిస్తాయి. హాల్డేన్ ఊహలో వేరేగా ఉండేది జీవి ఆకారం కాదు, దాని రసాయనమే.

ఆకారం గురించి కూడా ఆయన రాశారు. 1920ల్లో వచ్చిన ఒక వ్యాసంలో జంతువు సైజు లెక్కలు వేశారు. ఒక మనిషిని అన్ని వైపులా పదింతలు పెంచితే బరువు వెయ్యింతలవుతుంది, ఎముక అడ్డుకోత వైశాల్యం మాత్రం వందింతలే అవుతుంది. అంటే ఎముకలో ప్రతి అంగుళం మీదా పదింతల భారం పడుతుంది. అడుగు వేయగానే కాలు విరుగుతుంది. కథల్లో రాక్షసుడు నడవగలడు గాని భూమ్మీద నడవలేడు. ఈ లెక్కను ముందుకు తీసుకుపోతే, ఆకర్షణ తక్కువ ఉన్న గ్రహంలో జీవి పొడుగ్గా సన్నగా, ఎక్కువ ఉన్నచోట పొట్టిగా గట్టిగా ఉండాలని మనమే చెప్పుకోవచ్చు. ఎనిమిదో తరగతి గణితం చాలు. తమ్ముళ్ళు ఈసారి గ్రహాంతర వాసి బొమ్మ గీసేటప్పుడు ముందు ఆ గ్రహం ఆకర్షణ ఎంతో రాసుకోవాలి.

అదే కాలంలో మరో వ్యాసంలో భూమి అంతాన్ని కథలా ఊహించారు. నాలుగు కోట్ల ఏళ్ళ తర్వాతి మనుషులు సముద్రపు ఆటుపోట్ల నుంచి విచ్చలవిడిగా శక్తి పిండుకుంటారు. దాంతో భూమి తిరగడం నెమ్మదించి, చంద్రుడు దగ్గరికొచ్చి ముక్కలై భూమ్మీద పడతాడు. కొందరు తమ శరీరాలనే మార్చుకొని శుక్ర గ్రహానికి పోతారు. శుక్రుడి మీద సీసం కరిగేంత వేడి ఉందని 1960ల తర్వాత తెలిసింది కాబట్టి ఆ ఊహ కుదరదు. కానీ ఉన్న సంపదను ముందుచూపు లేకుండా వాడి ఊరు ఖాళీ చేసే మనుషుల కథ కదా. వెయ్యి అడుగుల బోర్లు వేసి నీళ్ళు పడక బెంగళూరుకు పోయిన మన ప్రాంతం వాళ్ళకు అది మరీ వింతగా అనిపించదు.

హాల్డేన్ సొంత ఒంటి మీద చేసుకున్న ప్రయోగాల గురించి ఒక పుస్తకమే రాయొచ్చు. రక్తంలో ఆమ్లత పెరిగితే ఏమవుతుందో చూడటానికి అమ్మోనియం క్లోరైడ్ తాగారు. 1939లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయినప్పుడు, కార్మిక సంఘాల తరఫున కారణం వెతకడానికి ఉక్కు గదిలో మూసుకొని కూర్చుని అదే గాలి పీల్చారు. పీడనం ప్రయోగాల్లో మూర్ఛలొచ్చి వెన్నుపూస దెబ్బతింది. కర్ణభేరికి చిల్లు పడింది. చుట్ట తాగితే పొగ చెవిలోంచి వదలగలనని దాని మీదే తమాషా చేసేవారు.

పేదవాళ్ళ తెలివి పుట్టుకతోనే తక్కువ, పెద్దింటివాళ్ళది ఎక్కువ అనే మాటలు అప్పటి యూరప్‌లో శాస్త్రం పేరుతోనే చలామణీ అయ్యేవి. యువకుడిగా ఉన్నప్పుడు హాల్డేన్ కూడా ఆ గాలికి పూర్తిగా అతీతుడు కాదు. జన్యుశాస్త్రం లోతుకు పోయేకొద్దీ ఆ మాటలకు లెక్కలు సహకరించడం లేదని గ్రహించి, 1938లో అనువంశికత, రాజకీయాల మీద పుస్తకం రాసి, నాజీల జాతి సిద్ధాంతాన్నీ, పేదలకు బలవంతంగా ఆపరేషన్లు చేయాలనే వాదాన్నీ ఖండించారు. పుట్టుకను బట్టి మనిషికి వెల కట్టే మాటలు మనం వేరే పేర్లతో వింటూ పెరిగాం. ఆ మాటలకు సైన్సు ముద్ర వేయడం కుదరదని ఆ శాస్త్రాన్ని కట్టినవాడే రాశాడన్నది మన హాస్టల్ లైబ్రరీలో ఉండాల్సిన విషయం.

ఆయనలో తప్పుల్లేవని కాదు. 1942లో కమ్యూనిస్టు పార్టీలో చేరారు. కార్మికుల పత్రికకు మూడు వందలకు పైగా సైన్సు వ్యాసాలు రాశారు. ఆ వ్యాసాలు గొప్పవి. కానీ రష్యాలో లైసెంకో అనేవాడు జన్యుశాస్త్రాన్నే నిషేధించి, వావిలోవ్ వంటి మహా శాస్త్రజ్ఞుడు జైల్లో చనిపోయినా, హాల్డేన్ చాలాకాలం గట్టిగా నోరు విప్పలేదు. 1950లో పార్టీ వదిలారు. సొంత ఒంటి మీద యాసిడ్ పరీక్షించుకున్న మనిషి సొంత పార్టీని పరీక్షించడానికి అంత ఆలస్యం ఎందుకు చేశారో నాకు అర్థం కాదు.

1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలిసి ఇండియా వచ్చేశారు. కలకత్తాలో మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. సూయెజ్ కాలువ మీద బ్రిటన్ చేసిన దాడి నచ్చక వచ్చేశానని చెప్పేవారు. కుర్తా తొడిగారు, మాంసం మానేశారు, 1961లో భారత పౌరసత్వం తీసుకున్నారు.

ఆయన వచ్చిన కొద్ది నెలలకే, 1957 అక్టోబర్ 4న, రష్యా మొదటి స్పుత్నిక్‌ను పైకి పంపింది. నవంబర్‌లో అమెరికా నుంచి జాషువా లెడర్‌బర్గ్ అనే యువ శాస్త్రవేత్త కలకత్తాలో హాల్డేన్ ఇంటికి భోజనానికి వచ్చారు. ఆ మరుసటి ఏడాదే నోబెల్ బహుమతి అందుకున్నవాడు. ఆ రోజుల్లోనే చంద్రగ్రహణం. రష్యా విప్లవానికి నలభై ఏళ్ళు నిండిన రోజులు కూడా అవే. ఆ సంబరం కోసం రష్యావాళ్ళు చంద్రుడి మీద అణుబాంబు పేలుస్తారేమో, గ్రహణం చీకట్లో అది ఎర్రగా మెరుస్తుందేమో అని ఇద్దరూ మాట్లాడుకున్నారు. అలాంటిదేమీ జరగలేదు. కానీ ఆ మాటలు లెడర్‌బర్గ్‌ను వదల్లేదు. రాజకీయ ప్రదర్శన కోసం తొందరపడి రాకెట్లు పంపితే మన సూక్ష్మజీవులు వాటితోపాటు పోయి చంద్రుణ్ణీ కుజుణ్ణీ మలినం చేస్తాయి. ఆ తర్వాత అక్కడ జీవం కనిపించినా అది అక్కడిదో మనదో ఎవరూ తేల్చలేరు. లెడర్‌బర్గ్ తిరిగిపోయి అమెరికా శాస్త్ర సంస్థలను హెచ్చరించారు. వేరే లోకాల జీవాన్ని వెతికే శాస్త్రానికి 1960లో పేరు పెట్టిందీ ఆయనే. ఇతర గ్రహాలను మలినం చేయకూడదన్న నియమం 1967 అంతరిక్ష ఒప్పందంలో చేరింది. 1976లో కుజుడి మీద దిగిన వైకింగ్ నౌకలను పంపేముందు వేడిలో ఉంచి క్రిమిరహితం చేశారు. ఇందులో ఒక వేరు కలకత్తాలో ఒక విస్తరి దగ్గర ఉందంటే మనకు గర్వమే కదా.

జీవం ఆకాశం నుంచి రాలిందా అన్న ప్రశ్నను మన హైదరాబాదులో కూడా వెతికారు. 2005 ఏప్రిల్‌లో టాటా సంస్థ వారి బెలూన్ కేంద్రం నుంచి ఒక బెలూన్‌ను 41 కిలోమీటర్ల ఎత్తుదాకా పంపి గాలి పట్టి తెచ్చారు. సీసీఎంబీ, పుణే ప్రయోగశాలల్లో పరీక్షిస్తే అంతకుముందు ఎవరికీ తెలియని మూడు బాక్టీరియా జాతులు దొరికాయని ఇస్రో 2009లో ప్రకటించింది. ఒకదానికి ఆర్యభట పేరు, ఒకదానికి ఇస్రో పేరు పెట్టారు. పేపర్లలో గ్రహాంతర జీవులు దొరికాయన్నట్టు రాశారు గాని, అవి బయటినుంచి వచ్చాయని ఆ శాస్త్రజ్ఞులు చెప్పలేదు. భూమి నుంచే అంత ఎత్తుకు పోయి ఉండవచ్చు. బెన్నూ అనే గ్రహశకలం నుంచి 2023లో తెచ్చిన మట్టిలో మన ప్రోటీన్లు వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14 ఉన్నాయని, అమ్మోనియా కూడా బాగా ఉందని 2025లో తెలిసింది. ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు ఇప్పటికి ఐదు వేలకు పైగా లెక్కకు వచ్చాయి. ముడిసరుకు అంతటా ఉంది, చోటు చాలా ఉంది. జీవి మాత్రం ఇంతవరకు భూమి మీద తప్ప ఎక్కడా కనిపించలేదు.

ఇండియాలో హాల్డేన్ శిష్యులకు ఇచ్చిన పనులు చూస్తే నాకు చాలా సంతోషం. పెద్ద యంత్రాలు లేవని ఆగొద్దు, కళ్ళు, కాగితం, ఓపిక చాలునన్నది ఆయన పద్ధతి. ఎస్.కె. రాయ్ పారిజాతం పూల రేకులు లెక్కపెట్టారు. టి.ఎ. డేవిస్ కొబ్బరి చెట్లలో ఆకుల వరస ఎడమకు మెలి తిరుగుతుందా, కుడికా అని చూశారు. ఎడమ మెలిక చెట్లే ఎక్కువ కాయలిస్తాయని ఆయన లెక్కల్లో తేలింది. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు కలకత్తా వెళ్ళి ఆయన దగ్గర చేరి, తర్వాత హాల్డేన్ జీవితం మీద పుస్తకాలు రాశారు. ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు, మేనమామ పెళ్ళిళ్ళు ఎన్ని, వాటి ప్రభావం ఏమిటి అని మీరాఖాన్‌తో కలిసి ఆయన చేసిన పరిశోధన 1960ల మొదట్లో హాల్డేన్ సంపాదకత్వంలోని జన్యుశాస్త్ర పత్రికలో వచ్చింది. తాతా అవ్వల నుంచి దిగివచ్చిన ఒకే జన్యువు రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం మేనబావ పెళ్ళిలో పదహారింట ఒక వంతు, మేనమామ పెళ్ళిలో ఎనిమిదింట ఒక వంతు. ఆ జన్యువు రోగానిదైతే బిడ్డ బాధపడుతుంది. మన పక్క ఊళ్ళలో వరసైనవాళ్ళకే ఇవ్వాలన్న పట్టు ఎంతుందో నేను చెప్పనక్కరలేదు. ఈ లెక్కను పెళ్ళిచూపులకు ముందే ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పగలిగేది మనమే.

సంస్థతో పొసగక 1961లో కలకత్తా ఉద్యోగం మానేశారు. బిజూ పట్నాయక్ పిలుపు మీద 1962లో భువనేశ్వర్ వెళ్ళి ప్రయోగశాల పెట్టారు. 1963లో అమెరికాలోని ఫ్లోరిడాలో జీవం పుట్టుక మీద సదస్సు జరిగింది. ఒపారిన్, హాల్డేన్ ముఖాముఖి కలుసుకున్నది అక్కడే. మన పరీక్ష పేపర్లలో పక్కపక్కనే ఉండే ఇద్దరు ఒకే గదిలో కూర్చోవడానికి ముప్పై నాలుగేళ్ళు పట్టింది. మొదటి జీవి తయారు కావడానికి కనీసం ఎంత సమాచారం కావాలో లెక్కకట్టే ప్రయత్నం హాల్డేన్ అక్కడ చదివారు. ఆ ప్రయాణంలోనే ఒంట్లో రక్తం పోవడం గమనించారు. పురీషనాళంలో కాన్సర్. లండన్‌లో ఆపరేషన్ చేయించుకొని, ఆసుపత్రి మంచం మీదే కాన్సర్ మీద ఒక హాస్య కవిత రాశారు. అనుమానం వస్తే సిగ్గుపడకుండా త్వరగా డాక్టరు దగ్గరికి పోవాలని జనానికి చెప్పడం దాని ఉద్దేశం. అది 1964లో అచ్చయింది. కొందరు బాధపడ్డారు, చాలామంది నవ్వారు.

రోగం తిరగబెట్టింది. 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. వీలునామా ముందే రాసి పెట్టారు. శరీరాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు పరిశోధనకూ బోధనకూ ఇవ్వాలని అందులో ఉంది. అది 1958లో మొదలైన కొత్త కాలేజీ. మరణం తర్వాత తానుంటాడా లేదా అన్న ప్రశ్నను వీలునామాలో కూడా ఆయన తేల్చలేదు. ఉన్నా లేకున్నా ఆ శరీరంతో తనకు ఇక పనిలేదు కాబట్టి పనికొచ్చేవాళ్ళు వాడుకోవాలని ఏర్పాటు చేశారు. చెడిపోకుండా చల్లగా ఉంచడానికి అయ్యే ఖర్చు తన ఆస్తిలోంచి అన్నిటికంటే ముందు తీయమన్నారు. శరీరదానం అనే మాట మన ఊళ్ళలో చాలామంది వినని రోజులవి. ఇప్పటికీ మన దగ్గర దహనమో ఖననమో కాకపోతే ఆత్మ తిరుగుతుందంటారు.

శరీరం భువనేశ్వర్ నుంచి కాకినాడ చేరింది. విద్యార్థుల పాఠానికి పనికొచ్చింది. ఎముకల గూడును ఆ కాలేజీ అనాటమీ విభాగంలో భద్రపరిచారు. మన హాస్టల్ నుంచి ఎవరికైనా రంగరాయలో సీటు వస్తే, మొదటి సంవత్సరంలో ఎముకల పేర్లు వల్లెవేసే ఆ విభాగంలోనే, రెండు మార్కుల ప్రశ్నలో రాసి వచ్చిన హాల్డేన్ ఉంటారు.